నిజాం నవాబు బంగారం: నిజమెంత, కథ ఎంత?

మన ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో నలుగురు పెద్దలు ఒకచోట చేరి బంగారం ధర మాట్లాడుకుంటే, చివరకు ఆ మాట హైదరాబాదు నిజాం నవాబు దగ్గరకు చేరకుండా ఉండదు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు నవాబుగారు అయిదు టన్నుల బంగారాన్ని ఇనుప పెట్టెలలో పెట్టి దేశానికి దానం చేశారనీ, బంగారం అక్కర్లేదు గానీ ఖాళీ పెట్టెలు మాత్రం తిరిగి పంపమన్నారనీ ఒక కథ. వినడానికి ఎంతో బాగుంటుంది. పెళ్ళి విందుల్లోనూ, సభల్లోనూ, ఈమధ్య సెల్‌ఫోన్లలోనూ ఇదే కథ తిరుగుతోంది.

ఈ కథలో నిజం కొంత ఉంది, కల్పన చాలా ఉంది. అసలు సంగతి తెలిస్తే నవాబుగారి గౌరవం తగ్గుతుందేమోనని కొందరి భయం. ఆ భయం అక్కర్లేదు. నిజమైన లెక్క కల్పించిన లెక్క కంటే చిన్నదే, కాని మన కుటుంబాలకు పనికివచ్చేది అదే. అందుచేత ఈ సంచికలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారి జీవితాన్ని బంగారం, నాణెం అనే రెండు వస్తువుల వెంట నడిచి చూద్దాం.

పుట్టుక, గద్దె

ఉస్మాన్ అలీ ఖాన్ గారు 1886 ఏప్రిల్ నెలలో హైదరాబాదు పురానీ హవేలీలో జన్మించారు. తండ్రి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. చిన్ననాటనే ఉర్దూ, ఫారసీ, అరబ్బీ, ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఉర్దూ ఫారసీలలో గజళ్ళు వ్రాసేవారు. 1911 ఆగస్టు 29న తండ్రి కాలం చేయగా 25 ఏళ్ళ వయసులో గద్దెనెక్కారు. ఇంగ్లండు, స్కాట్లండు రెండూ కలిపినంత ఉండే సంస్థానం అది. అందులో తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే ప్రజలే అధికం.

మొదట మూడవ సాలార్‌జంగ్ యూసుఫ్ అలీ ఖాన్ గారిని దివానుగా పెట్టుకున్నారు. 1914 నుంచి కొన్నేళ్ళు దివాను లేకుండా తామే పాలించి, 1919లో మంత్రిమండలిని ఏర్పరిచారు. ఈ సాలార్‌జంగ్ గారి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మన సర్కారు జిల్లాలతో సంబంధం

హైదరాబాదు నవాబుకూ మన ఉంగుటూరుకూ ఏమిటి సంబంధమని ఎవరైనా అడగవచ్చు. సంబంధం ఉంది. ఒకప్పుడు ఈ నేలను ఏలూరు సర్కారు అనేవారు. గోల్కొండ సుల్తానుల తర్వాత మొగలుల కిందికీ, ఆ తర్వాత ఆసఫ్‌జాహీల కిందికీ వచ్చింది. 1753లో సలాబత్ జంగ్ దీనిని ఫ్రెంచివారికి అప్పగించాడు. 1759లో ఇంగ్లీషువారు మచిలీపట్నాన్ని పట్టుకున్నారు. 1766 నవంబరులో నిజాం అలీ ఖాన్ కంపెనీతో ఒడంబడిక చేసుకొని సర్కారులను వదులుకున్నారు. దానికి బదులు కంపెనీ ఏటేటా పేష్కష్ చెల్లించాలి. 1823లో కంపెనీ ఒక్క మొత్తంగా సొమ్ము చెల్లించి ఆ హక్కును కూడా కొనేసింది. ఆ సొమ్ము పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపారుల బాకీ తీర్చడానికే పోయింది.

ఇది గమనించదగ్గ విషయం. భూమి ఏటా వచ్చే పైకమయింది, పైకం ఒక్కసారి వచ్చే మొత్తమయింది, మొత్తం అప్పు కింద జమయింది. మన ఇళ్ళలో తాతల పొలం కూడా ఇలాగే కరుగుతూ ఉంటుంది కదా! ఏడవ నిజాం పుట్టకముందే ఆ వంశంలో ఈ పాఠం జరిగిపోయింది. ఆయన పొదుపు వెనుక అది ఉందో లేదో మనం చెప్పలేం గానీ, చేతికి వచ్చినదాన్ని వదలకపోవడమనేది ఆయన స్వభావమైపోయింది.

తండ్రి ఖర్చు, కొడుకు పొదుపు

మహబూబ్ అలీ ఖాన్ గారిది పెద్ద చెయ్యి. 1891లో జాకబ్ అనే వ్యాపారి దగ్గర ఒక వజ్రం బేరమాడారు. ఆ బేరం చెడి కలకత్తా హైకోర్టు దాకా వెళ్ళింది. చివరకు వజ్రం నవాబుగారి దగ్గరే ఉండిపోయింది. ఆ గొడవతో ఆయన మనసు విరిగి దానిని ఒక జోడులో దాచేశారనీ, తండ్రి పోయాక ఉస్మాన్ అలీ ఖాన్ గారికి అది జోడు ముందుభాగంలో దొరికిందనీ, ఆయన దానిని కాగితాలు ఎగరకుండా పెట్టే బరువుగా వాడారనీ చెప్పుకుంటారు. ఆ జాకబ్ వజ్రం తూకం 184.75 క్యారట్లు, అంటే సుమారు 37 గ్రాములు.

కొడుకుగారి తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. పాత తుర్కీ టోపీ, నలిగిన షేర్వానీ, చవక చార్మినార్ సిగరెట్లు. పండుగలకూ పుట్టినరోజులకూ దర్బారుకు వచ్చేవారు రుమాలు మీద అష్రఫీ, రూపాయలు పెట్టి నజరానా సమర్పించడం ఆనవాయితీ. పూర్వపు నవాబులు చేత్తో తాకి తిరిగి ఇచ్చేసేవారట, ఈయన మాత్రం ఉంచుకునేవారని లోకం చెప్పుకుంది. 1937 ఫిబ్రవరిలో అమెరికాలోని టైమ్ పత్రిక ఆయన బొమ్మను అట్టమీద వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని వ్రాసింది. ఆయన పాలనకు 25 ఏళ్ళు నిండిన ఉత్సవాలు జరుగుతున్న రోజులవి.

నోట్ల కట్టలను ఎలుకలు కొరికేశాయనీ, బంగారం నింపిన లారీలు తోటలో నిలిచి నిలిచి చక్రాలు మట్టిలో దిగబడిపోయాయనీ కూడా కథలున్నాయి. వాటిలో ఏది ఎంతవరకు నిజమో దేవుడికెరుక. వాటి వెనుక ఉన్న సంగతి మాత్రం నిజం. మూలన పడి ఉన్న ధనం మూలుగుతుందే గాని పెరగదు.

ఆయన నాణేలు

హైదరాబాదు సంస్థానానికి స్వంత టంకశాల ఉండేది. సైఫాబాదులో యంత్రాలతో నడిచిన ఆ టంకశాల భవనాన్ని 2022లో నాణేల మ్యూజియంగా తెరిచారు. హైదరాబాదు వెళ్ళినప్పుడు పిల్లలకు చూపించదగిన చోటు అది.

ఉస్మాన్ అలీ ఖాన్ గారి రూపాయి మీద ఒకవైపు చార్మినార్ ఉంటుంది. ఆ చార్మినార్ ద్వారంలోకి తేరిపార చూస్తే ఒక చిన్న అక్షరం కనిపిస్తుంది. అది ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్ గారి నాణెం, మీమ్ అయితే వారి తండ్రి మహబూబ్ అలీ ఖాన్ గారిది. చుట్టూ నిజాముల్ముల్క్ ఆసఫ్‌జా బహదూర్ అన్న బిరుదు, దానితో పాటు 92 అనే అంకె ఉంటాయి. అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అన్న పేరుకు వచ్చే మొత్తం 92. మీమ్‌కు 40, హేకు 8, మళ్ళీ మీమ్‌కు 40, దాల్‌కు 4, కూడితే 92. రెండోవైపు పాలనా సంవత్సరం, ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్ అన్న ఊరి పేరు ఉంటాయి. ఉర్దూ చదివే పిల్లవాడి చేతిలో ఈ నాణెం పెడితే ఎవరి సాయమూ లేకుండా తానే చదువుకోగలడు. ఉర్దూ ఏమి పనికొస్తుందని అడిగేవారికి ఇదొక చిన్న జవాబు.

ఈ రూపాయిని హాలీ సిక్కా, ఉస్మానియా సిక్కా అనేవారు. మన సర్కారు జిల్లాలలో నడిచినది ఇంగ్లీషు రూపాయి, దానిని అక్కడివారు కల్దారు అనేవారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు మారకం. ఈ లెక్క గాలిలోంచి ఊడిపడలేదు. హాలీ రూపాయి తూకం సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి వందకు 81.8 పాళ్ళు. అంటే అసలు వెండి 9.14 గ్రాములు. కల్దారు తూకం సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు, వెండి వందకు 91.7 పాళ్ళు. అసలు వెండి 10.69 గ్రాములు. ఏడు హాలీలలో వెండి 64 గ్రాములు, ఆరు కల్దార్లలో కూడా దాదాపు 64 గ్రాములే. మారకం రేటు అంటే లోపల ఉన్న వెండి రేటన్నమాట. ఆ రోజుల్లో నాణెం తన విలువను తన ఒంట్లోనే మోసేది.

బంగారు నాణేన్ని అష్రఫీ అనేవారు. అదీ సుమారు 11.18 గ్రాములే, బంగారం వందకు 91 పాళ్ళు. ఇవాళ మన షరాబు 916 అని ముద్ర వేసి అమ్మే నగకు ఇది ఇంచుమించు సమానం. అర, పావు, అరపావు అష్రఫీలు కూడా ఉండేవి.

మొదటి ప్రపంచయుద్ధం నాటికి వెండికి కటకట వచ్చింది. దానితో 1918లో హైదరాబాదు స్వంత కాగితపు నోట్లు వేసింది. స్వదేశీ సంస్థానాలలో ఇంత పెద్ద ఎత్తున స్వంత నోటు నడిపినది హైదరాబాదే. ఆ నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు కూడా ఉండేవి. ఆ నోట్లనూ ప్రభుత్వ రుణాలనూ చూడటానికి 1941 చట్టంతో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు వచ్చింది. తర్వాత అదే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. హాలీ సిక్కా 1950 తర్వాత భారత రూపాయితో కలిసి కొన్నాళ్ళు నడిచి, మెల్లగా కనుమరుగైపోయింది.

డబ్బు ఎటు పోయింది, ఎక్కడినుంచి వచ్చింది

పిసినారి అన్న పేరు ఒక్కటే చెప్పి ఊరుకుంటే అన్యాయమవుతుంది. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టించారు. నిజామాబాదు జిల్లాలో నిజాం సాగర్ 1931లో పూర్తయింది. 1914లో పురావస్తు శాఖను స్థాపించి గులామ్ యజ్దానీ గారిని అధిపతిగా పెట్టారు. అజంతా, ఎల్లోరా గుహల సంరక్షణ ఆ శాఖ పనే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో బోధించిన విద్యాలయం అది. ఒక దేశభాషలో అంత ఎత్తు చదువు చెప్పడమన్నది అప్పటికి కొత్త సంగతి. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికీ, పూనాలోని భండార్కర్ సంస్థకూ విరాళాలు ఇచ్చారు.

ఐతే ఆ ఖజానా నింపినదెవరన్నది కూడా చెప్పుకోవాలి. తెలంగాణ రైతు కట్టిన శిస్తు, జాగీరు గ్రామాలలో చేసిన వెట్టిచాకిరి, నవాబుగారి స్వంత భూములైన సర్ఫేఖాస్ రాబడి, అన్నీ ఆ పెట్టెల్లోకే చేరాయి. 1940ల్లో రైతులు తిరగబడ్డారు. రజాకార్ల ఆగడాలు పల్లెలను వణికించాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, ఆ వెనువెంటనే ఎందరో సామాన్య ముస్లిములు కూడా ప్రాణాలూ ఇళ్ళూ పోగొట్టుకున్నారు. నవాబు బంగారం లెక్క రాసేటప్పుడు ఈ కన్నీళ్ళ లెక్క చెరిపివేయడం ధర్మం కాదు.

లండనులో నిలిచిపోయిన పది లక్షలు

1948 సెప్టెంబరు 17న హైదరాబాదు లొంగిపోయింది. ఆ తర్వాత మూడు రోజులకు, నిజాం ప్రభుత్వంలో ఆర్థికమంత్రిగా పనిచేసిన మొయిన్ నవాజ్ జంగ్ లండను వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని 10 లక్షల పౌండ్లకు పైగా సొమ్మును పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతులా గారి పేరుకు మార్చారు. కొద్దిరోజులకే నవాబుగారు ఈ మార్పు తన అనుమతితో జరగలేదనీ, సొమ్ము తిరిగి ఇవ్వాలనీ బ్యాంకును కోరారు. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. దావా బ్రిటన్ ప్రభువుల సభ దాకా వెళ్ళి 1957లో ఆగిపోయింది.

ఆ సొమ్ము అలాగే బ్యాంకులో ఉండిపోయి, వడ్డీలతో కలిపి మూడున్నర కోట్ల పౌండ్లయింది. 2019 అక్టోబరు 2న లండను హైకోర్టు తీర్పు చెప్పింది. పాకిస్తాన్‌కు హక్కు లేదనీ, సొమ్ము నవాబుగారి వారసులకూ భారతదేశానికీ చెందుతుందనీ ఆ తీర్పు. అప్పటికి నవాబుగారు పోయి 52 ఏళ్ళు. లెక్క కట్టి చూస్తే 71 ఏళ్ళలో సొమ్ము 35 రెట్లయింది, అంటే ఏడాదికి సుమారు అయిదు శాతం చక్రవడ్డీ. ఎవరూ ముట్టుకోకపోయినా, వడ్డీకి ఉన్న సొమ్ము పెరిగింది. కాని కాగితాలు సరిగా లేక, హక్కు తేలక, ఒక తరం వాళ్ళు దానిని కళ్ళ చూడకుండానే పోయారు.

ట్రస్టులు

1949లో సర్ఫేఖాస్ భూములు ప్రభుత్వపరమయ్యాయి. 1950 నుంచి 1956 దాకా నవాబుగారు హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా ఉన్నారు. ఏడాదికి 50 లక్షల రాజభరణం ముట్టేది. ఆ సమయంలో ఆయన చేసిన ఒక పని మనవాళ్ళు అంతగా చెప్పుకోరు గానీ నిజానికి అదే ఆయన తెలివి. 1950లో కుటుంబ ట్రస్టు ఒకటి ఏర్పాటు చేసి అందులో 9 కోట్ల రూపాయల ప్రభుత్వ పత్రాలు పెట్టారు. దానిని వాటాలుగా విభజించి, బేగములకూ, సంతానానికీ, ఆశ్రితులకూ ఎవరికి ఎంతో వ్రాయించారు. 1951లో నగల ట్రస్టు, 1952లో దానికి అనుబంధ ట్రస్టు పెట్టారు. 1954లో ధర్మకార్యాల ట్రస్టు వచ్చింది. జీవితమంతా బంగారం కూడబెట్టిన మనిషి, అరవై దాటాక రాజ్యం చేజారిన తర్వాత, వ్రాతకోతలు గల పత్రాల వైపు తిరిగారన్నమాట.

1965: అసలు జరిగినది

ఇక మొదట చెప్పుకున్న కథ దగ్గరకు వద్దాం. 1965 యుద్ధం ముగిసిన వెంటనే, అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం జాతీయ రక్షణ బంగారు బాండ్ల పథకం ప్రవేశపెట్టింది. ప్రజలు తమ బంగారాన్ని ప్రభుత్వానికి అప్పగిస్తే బాండ్లు ఇస్తారు, వడ్డీ ఉంటుంది, 1980లో గడువు తీరాక బంగారం రూపంలోనే తిరిగి ఇస్తారు. విదేశీమారక ద్రవ్యం కరువైన రోజులవి. దాచిన బంగారాన్ని బయటకు రప్పించాలన్నది ప్రభుత్వం ఉద్దేశం. నవాబుగారు ఈ బాండ్లలో 4,25,000 గ్రాములు, అంటే 425 కిలోల బంగారం పెట్టారు. తిరుమల దేవస్థానం కూడా 125 కిలోలు పెట్టింది.

1965 డిసెంబరులో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు హైదరాబాదు వచ్చినప్పుడు బేగంపేట విమానాశ్రయంలో నవాబుగారు కలుసుకున్నారు. అప్పటి పత్రికల ప్రకారం ఆ బంగారం విలువ సుమారు 50 లక్షల రూపాయలు. గ్రాముకు 12 రూపాయల లోపు! శాస్త్రిగారు సభలో నవాబుగారిని అభినందిస్తూ ముఖ్యమైన సంగతి ఒకటి బయటపెట్టారు. ఆ బంగారమంతా పాతకాలపు మొహరీలు. వాటిని కరిగించడం ప్రభుత్వానికి ఇష్టం లేదనీ, పాత నాణేలుగా విదేశాలలో అమ్మితే లోహం ధర కంటే బాగా ఎక్కువ, కోటి రూపాయల దాకా రావచ్చనీ వివరించారు.

తరువాతి కాలంలో సమాచార హక్కు చట్టం కింద అడిగినవారికి ప్రభుత్వం ఇచ్చిన సమాధానమూ ఇదే. నవాబుగారు పెట్టినది 425 కిలోలు, అది దానం కాదు, పథకంలో పెట్టుబడి. అయిదు టన్నులంటే హైదరాబాదు అష్రఫీలలో నాలుగున్నర లక్షలు కావాలి. 425 కిలోలంటే 38 వేలు. ఈ రెంటికీ ఎంత దూరమో చూడండి.

దానం కాకపోతే గొప్పతనం ఏముందని కొందరు చప్పరించేస్తారు. అదీ పొరపాటే. 80 ఏళ్ళకు చేరువైన మనిషి, పదిహేనేళ్ళ తర్వాత తిరిగివచ్చే బాండ్లలో బంగారం పెట్టారంటే, అది తిరిగి వచ్చే రోజు చూడనని ఆయనకు తెలియదా? ఒకప్పుడు తన రాజ్యాన్ని తీసుకున్న ప్రభుత్వాన్నే నమ్మి, కష్టకాలంలో అప్పగించారు. దేశానికి అవసరం తీరింది, వారసుల హక్కు నిలిచింది. పూర్తి దానం చేసే శక్తి అందరికీ ఉండదు. ఇలా చేసే శక్తి తులం బంగారం ఉన్నవాడికి కూడా ఉంటుంది.

చివరి రోజులు, తర్వాతి కథ

1967 ఫిబ్రవరి 24న ఉస్మాన్ అలీ ఖాన్ గారు కింగ్ కోఠీలో కన్నుమూశారు. లక్షలాది జనం వెంట నడిచారు. కింగ్ కోఠీకి ఎదురుగా ఉన్న జూదీ మసీదులో తల్లిగారి సమాధి చెంతనే ఖననం చేశారు. మనుమడు ముకర్రం జా వారసుడయ్యారు. ఆయన 2023 జనవరిలో ఇస్తాంబులులో మరణించగా మక్కా మసీదు ఆవరణలో ఖననం చేశారు.

నగల ట్రస్టులోని ఆభరణాలను అమ్మే ప్రయత్నం 1970ల్లోనే మొదలయింది. బయటి దేశాలకు పోకూడదని ప్రభుత్వం అడ్డుపడింది. కోర్టులలో ఏళ్ళు గడిచాయి. చివరకు 1995లో జాకబ్ వజ్రంతో సహా 173 నగలను భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. 2001లో మొదటిసారి ప్రజలకు ప్రదర్శించారు. అదే సమయంలో మరొక సంగతి చూడండి. జహంగీరు చక్రవర్తి ఆగ్రాలో వేయించిన వెయ్యి తులాల బంగారు నాణెం, ఇంచుమించు 12 కిలోలు, నిజాం కుటుంబం చేతిలో ఉండేదంటారు. 1987లో అది జెనీవా వేలంలో కనిపించింది. ఆ తర్వాత లోకానికి కనిపించలేదు. ట్రస్టు కాగితం ఉన్న నగలు దేశంలో నిలిచాయి, కాగితం లేని నాణెం కంటికి కానరాకుండా పోయింది.

ఇప్పుడు సాలార్‌జంగ్ గారిని తలుచుకోండి. నవాబుగారి దగ్గర దివానుగా చేసిన ఆ మనిషి, తన రాబడిలో అత్యధిక భాగం బొమ్మలకూ, గ్రంథాలకూ, గడియారాలకూ, నాణేలకూ ఖర్చుపెట్టారు. 1949లో పెళ్ళి లేకుండానే పోయారు. 1951లో ఆ సేకరణ మ్యూజియంగా తెరుచుకుంది. ఈనాటికీ మన ఊళ్ళనుంచి పిల్లలు విహారయాత్రకు వెళ్ళి చూసి వస్తున్నారు. ఇద్దరూ సేకరించినవారే. ఒకరిది పెట్టెలో ఉండిపోయింది, ఒకరిది పదిమంది కళ్ళకు అందింది.

మన ఇళ్ళకు పనికివచ్చే నాలుగు మాటలు

మన కుటుంబాలలో తాతమ్మల నాటి వెండి రూపాయలు, ఒకటి రెండు అష్రఫీలు, నాణేలతో కట్టిన హారాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆడపిల్ల పెళ్ళి రాగానే షరాబు దగ్గర కరిగించేస్తున్నారు. 1965లో ప్రధానమంత్రి 425 కిలోల మొహరీలను కరిగించవద్దనుకున్నప్పుడు, మన ఒక్క నాణేన్ని తొందరపడి ఎందుకు కరిగించాలి? ముందు చదివించండి, సంవత్సరం చూడండి, తెలిసినవాళ్ళకు చూపించండి. చింతపండుతో, బూడిదతో తోమవద్దు. మెరుగు వస్తుంది గానీ సేకరించేవాడి దృష్టిలో విలువ పోతుంది. ఉంగరం తగిలించి టంకం పెడితే కూడా అంతే. 1940 నుంచి వచ్చిన ఇంగ్లీషు రూపాయల్లో వెండి సగమే, 1947 రూపాయిలో అసలు లేదు. పాతదనగానే వెండి అనుకోవద్దు.

పొలంలోనో, పునాది తవ్వకంలోనో నాణేల కుండ దొరికితే దాచుకోకూడదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. వందేళ్ళు దాటిన నాణేన్ని అనుమతి లేకుండా విదేశాలకు పంపితే నేరం. ఈ పాత రూపాయికి లక్షలిస్తామని వచ్చే ఫోను కబుర్లు నమ్మి ముందుగా రుసుము కట్టవద్దు.

నగ కొనేటప్పుడు హాల్‌మార్కు, దానితో పాటు ఉండే ఆరక్షరాల సంఖ్య చూసుకోండి. తరుగు, మజూరీ విడివిడిగా రసీదులో వ్రాయించుకోండి. అమ్మబోతే ఆ రెండూ తిరిగి రావు, కాబట్టి నగ వేరు, పొదుపు వేరు. ప్రభుత్వం 2015లో తెచ్చిన సావరిన్ గోల్డ్ బాండ్ల కొత్త విడుదల 2024 ఫిబ్రవరితో ఆగిపోయింది. ఇంట్లో ఆ బాండ్లు ఉన్నవారు గడువు తేదీ, నామినీ పేరు సరిచూసుకోండి. బంగారం ఏడున్నర తులాలు, వెండి యాభై రెండున్నర తులాలు దాటితే జకాత్ లెక్క ఉంటుందన్నది మనకు తెలిసినదే. ఆ లెక్క ఏటా వేసుకునే ఇంట్లో ఎంత ఉందో ఎక్కడుందో కూడా తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, వ్రాసి పెట్టడం. ఎవరి మెహర్ ఎంత, ఎవరి నగ ఏది, కుదువ పెట్టినది ఎక్కడ, లాకరు ఎవరి పేరున అన్నది ఒక నోటుపుస్తకంలో ఉండాలి, భార్యకూ పిల్లలకూ తెలియాలి. ప్రపంచంలోకెల్లా ధనవంతుడి సొమ్ముకే హక్కు తేలడానికి 71 ఏళ్ళు పట్టింది. మన నాలుగు తులాలకు అంత ఓపిక ఎవరికుంది?

ఇకముందు ఎవరైనా మన ముందు అయిదు టన్నుల కథ చెబితే కోపగించుకోవద్దు, నవ్వవద్దు. 425 కిలోల సంగతి నెమ్మదిగా చెప్పండి. మన పెద్దల గురించి లేనిది కలిపి చెబితే, రేపు ఒకడు లెక్క తీసి చూపించినప్పుడు ఉన్నది కూడా అబద్ధమనిపిస్తుంది. బంగారానికి గీటురాయి ఉన్నట్టే మాటకూ ఒక గీటురాయి ఉంది. దాని మీద నిలిచేది 425 కిలోలే, అదే మన పిల్లలకు ఇవ్వదగినది.